బడి సంచికకు బొమ్మ తీయు విద్య

తెలుగునాట నడివయస్సు దాటినవారి యిండ్లలో, గోడమీది పటముల నడుమనో, బీరువా అడుగున పాత కాగితముల క్రిందనో, దళసరి అట్టకు అంటించిన గ్రూపు ఫొటో యొకటి తరచుగా కనిపించుచుండును. పైన పాఠశాల పేరు, సంవత్సరము. నడుమ కుర్చీలలో ప్రధానోపాధ్యాయులు, పంతుళ్లు. వారి వెనుక బల్లలపై రెండు మూడు వరుసలుగా విద్యార్థులు. ముందు నేలపై కాళ్లు ముడుచుకొని కూర్చున్న పొట్టివారు. అడుగున 'కూర్చున్నవారు', 'నిలుచున్నవారు', 'ఎడమనుండి కుడికి' అను మాటల వెంట పేర్ల పట్టిక. ఊరి ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకొని, మూడుకాళ్ల స్టాండుపై నిలిపిన కెమెరాలోనికి తొంగిచూచి, 'కదలవద్దు' అని హెచ్చరించి తీసిన ఆ ఒక్క బొమ్మయే పెక్కుమందికి బాల్యమునుండి మిగిలిన ఏకైక సాక్ష్యము.

ఆనాడు జ్వరము వచ్చి బడికి రానివాడు ఆ పటములో లేడు, ఎన్నటికిని ఉండడు. ప్రతికి డబ్బు చెల్లింపలేనివాడు పటములో ఉన్నను, పటము వాని యింట లేదు. రెప్పవాల్చినవాడు నేటికిని నిద్రపోవుచున్నట్లే యున్నాడు. పట్టికలో ఒక్క పేరు తప్పిపోయినచో, ఆ తరువాతివారందరును ఒకరి పేరు నొకరు మోయుచున్నారు.

కెమెరా క్షణములో చేసిన పొరపాటును కాగితము తరములపాటు దాచియుంచును. పాఠశాల వార్షిక సంచికకు బొమ్మలు తీయబూనిన విద్యార్థి నేర్చుకొనవలసినదంతయు ఈ విషయము చుట్టును తిరుగును. అందమైన బొమ్మ తీయుట ఒక యభిరుచి. ఒక బడి యేడాది జీవితమును, ఎవ్వరిని విడువక, ఉన్నవారిని ఉన్నట్లుగా నిలుపుట బాధ్యత. నేడు కెమెరా గల సెల్‌ఫోను చాల యిండ్లకు చేరినది; బడిలో జరుగు ప్రతి వేడుకకును వందలకొలది బొమ్మలు తీయబడుచున్నవి. అయినను సంచిక సిద్ధము చేయుటకు కూర్చున్నప్పుడు, వేదికనెక్కిన పదిమంది ముఖములే మరల మరల కనిపించును. తక్కిన వందలమంది కొరకు వెదకవలసి వచ్చును. కొరత యంత్రములలో లేదు. శిక్షణలో ఉన్నది.

సంచిక పుట్టిన తీరు

వార్షిక సంచిక యను సంప్రదాయము అమెరికా కళాశాలలలో పుట్టి పెరిగినది. ఛాయాచిత్రము వెలుగు చూడకముందే అక్కడి విద్యార్థులకు తోడివారి రూపములను దాచుకొనవలెనను కోరిక యుండెడిది. యేల్ కళాశాలలో 1806లో పట్టము పొందినవారిలో కొందరి ముఖరేఖలను నల్లని ఛాయారూపములుగా కత్తిరించి కూర్చిన పుస్తకము ఇందుకు నిదర్శనము.

1839లో ఫ్రాన్సునుండి డాగురే పద్ధతి లోకమునకు వెల్లడియైనది. వెండిపూత గల రాగిరేకుపై బొమ్మ మిక్కిలి స్పష్టముగా పడెడిది గాని, ఆ రేకునకు రెండవ ప్రతి లేదు. ఇరువదిమంది స్నేహితులకు ఇరువది బొమ్మలీయవలెనన్నచో ఇరువదిమార్లు కూర్చుండవలసినదే. 1851లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కలోడియన్ పద్ధతిని ప్రకటించిన పిదప, గాజుపలకపై నెగెటివు తీసి, దానినుండి కాగితముపై ఎన్ని ప్రతులైనను దించుటకు వీలు చిక్కినది. బోస్టను ప్రాంతపు ఛాయాగ్రాహకుడు జార్జి కెండల్ వారెన్ ఈ వీలును కళాశాలల ముంగిటికి చేర్చెను. అతడు హార్వర్డు మొదలగు విద్యాలయములకు పోయి, పట్టము పుచ్చుకొనబోవు విద్యార్థులను, ఆచార్యులను, భవనములను బొమ్మలు తీసెను. విద్యార్థులు తమకు కావలసిన ప్రతులు కొని, ఒకరితో నొకరు మార్చుకొని, ఆల్బములుగా కట్టించుకొనిరి. నేటి సంచికకు ఆ ఆల్బమే తల్లి.

1880ల నుండి హాఫ్‌టోన్ అచ్చు వ్యాపించినది. బొమ్మను సన్నని చుక్కలుగా విడగొట్టి, అక్షరములతో కలిపి ఒకే పుటపై అచ్చువేయు ఈ పద్ధతితో, ధనికుల ఆల్బము తరగతి యందరికిని అందు పుస్తకమైనది. 1888లో కొడాక్ కెమెరాయును, 1900లో ఒక్క డాలరు వెలకు బ్రౌనీ కెమెరాయును అంగడికి వచ్చినవి. బ్రౌనీని పిల్లలను ఉద్దేశించియే అమ్మిరి. అంతవరకు కెమెరా ముందు నిలుచున్న విద్యార్థి కెమెరా వెనుకకు రాగలిగెను. 1925లో కొలంబియా విశ్వవిద్యాలయమున ఏర్పడిన విద్యార్థి పత్రికల సంఘము బడిపిల్లలు నడపు పత్రికలను, సంచికలను పరీక్షించి గుణదోషములు చెప్పుచు వచ్చినది. నేడు ఆ దేశములోని పెక్కు ఉన్నత పాఠశాలలలో సంచిక తయారుచేయుట ఒక పాఠ్యవిషయము. దానికి ఉపాధ్యాయుడు, గది, గడువులు, మార్కులు అన్నియు ఉన్నవి.

మన పాఠశాలలలో ఇట్టి యేర్పాటు లేకున్నను, నేర్చుకొనవలసిన విద్య యొక్కటే. దానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు.

వెలుగును గుర్తించుట

మొదటి పాఠము కెమెరాలో లేదు, కిటికీలో ఉన్నది. సూదిబెజ్జపు కెమెరాను పాఠ్యపుస్తకములో చదివిన పిల్లవాడు దానిని అట్టపెట్టెతో స్వయముగా చేసి, నూనె పూసిన కాగితముపై ఎదుటి చెట్టు తలక్రిందులుగా పడుట చూచినచో, బొమ్మ యనగా వెలుగేయని వానికి తెలియును. బెజ్జము పెద్దదైనకొలది వెలుగు పెరుగును, బొమ్మ మసకబారును. ఈ చిన్న ప్రయోగముతో సగము శాస్త్రము బోధపడును.

మిగిలిన సగము మూడు మాటలలో ఉన్నది. వెలుగు లోనికి వచ్చు ద్వారము ఎపర్చరు. అది తెరచియుండు కాలము షట్టరు వేగము. వచ్చిన వెలుగునకు కెమెరా స్పందించు తీవ్రత ఐ.ఎస్.ఓ. ద్వారము విప్పార్చినచో ఒక ముఖము స్పష్టముగా నిలిచి వెనుక దృశ్యము మసకబారును. ముడిచినచో ముందు వరుసనుండి వెనుక వరుస వరకు తేటపడును. కదలని మనిషికి సెకనులో 125వ వంతు చాలును. క్రీడోత్సవమున పరుగెత్తు బాలికకు 500వ వంతైనను కావలెను. ఐ.ఎస్.ఓ. హెచ్చించినకొలది చీకటి గదిలోనైనను బొమ్మ వచ్చును గాని, ఇసుక చల్లినట్లు గరుకుదేరును. సెల్‌ఫోను ఈ మూడింటిని తానే నిర్ణయించుకొనును. ఐనను ఏది యెందుకు జరుగుచున్నదో ఎరిగినవాడు ఫోనుచేతనైనను తనకు కావలసిన పని చేయించుకొనగలడు.

బడిలో వెలుగు ఎక్కడెక్కడ ఎట్లుండునో విద్యార్థి ఒక వారము తిరిగి చూడవలెను. నడిమధ్యాహ్నపు టెండ నెత్తిమీదినుండి పడి, కన్నులను గుంటలు చేయును. సూర్యునికెదురుగా నిలిపినచో పిల్లలు కన్నులు చికిలించెదరు. వేపచెట్టు నీడ చల్లనిదే గాని, ఆకుల సందులనుండి దిగు ఎండపొడలు ముఖములపై మచ్చలుగా పడును. ఎండ నేరుగా పడని వరండాయో, భవనపు నీడ పరచుకొన్న ఆవరణమో అన్నిటికంటె మేలు. తరగతి గదిలో కిటికీ ప్రక్కన కూర్చున్న విద్యార్థి ముఖమునకు ఒకవైపునుండి మెత్తని వెలుగు వచ్చును. రెండవవైపు తెల్లని థర్మోకోలు పలక నొకటి పట్టుకొనినచో నీడ పలుచబడును.

దీపముల క్రింద మరియొక చిక్కున్నది. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల వంతున ప్రవహించును. కొన్ని ట్యూబులైట్లు, ఎల్.ఇ.డి. దీపములు కంటికి తెలియకుండ సెకనుకు నూరుమార్లు హెచ్చుచు తగ్గుచుండును. షట్టరు మిక్కిలి వేగముగా నడచినచో బొమ్మపై అడ్డచారలు పడును. అట్టిచోట 50వ వంతుకో, 100వ వంతుకో దిగుట మంచిది.

నల్లని ముఖము, తెల్లని చొక్కా

వెలుగు కొలత కేవలము గణితమని తలచువారికి ఒక చరిత్ర తెలియవలసి యున్నది. ఇరువదవ శతాబ్దపు నడుమ అమెరికాలో రంగుల ఫిల్ము ప్రచారములోనికి వచ్చినప్పుడు, అచ్చు పరికరములను సరిచూచుకొనుటకు కొడాక్ సంస్థ ప్రయోగశాలలకు ఒక నమూనా పటము పంపెడిది. అందులో నున్నది తెల్లని దేహచ్ఛాయగల యువతి. ఆ సంస్థలో పనిచేసిన షర్లీ యను నామె పేరిట, తరువాత ఎవరి బొమ్మ వేసినను, దానిని షర్లీ కార్డు అనియే పిలిచిరి. ఆ ఛాయ సరిగా వచ్చినచో రంగులన్నియు సరిగా వచ్చినట్లు లెక్క. ఫిల్ములోని రసాయనములును ఆ ఛాయకే అనుకూలముగా కూర్చబడెను.

1954లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము పాఠశాలలలో వర్ణవిభజన చెల్లదని తీర్పు చెప్పినది. నల్లవారి పిల్లలు, తెల్లవారి పిల్లలు ప్రక్కప్రక్కన కూర్చున్న బొమ్మలు తీయవలసి వచ్చెను. అట్టి బొమ్మలలో తెల్లవారి పిల్లల ముఖములు చక్కగా పడగా, నల్లవారి పిల్లల ముఖములు కన్నులును పండ్లును దప్ప తక్కినదంతయు చీకటియైపోయెడిది. తల్లులు మొరపెట్టుకొనిరి. ఆ మొరతో ఫిల్ము మారలేదు. చాక్లెట్ల రంగులలో తేడా తెలియుట లేదని మిఠాయి వ్యాపారులును, కఱ్ఱల ఛాయలు వేరుపడుట లేదని బల్లలు కుర్చీలు చేయువారును ఫిర్యాదు చేసిన పిమ్మట సంస్థ మెళకువతో పరిశోధించినదని, ఈ విషయమును శోధించిన కెనడా విదుషీమణి లోర్నా రాత్ 2009లో ప్రకటించిన వ్యాసములో వివరించినది. వేర్వేరు దేహచ్ఛాయల స్త్రీలు కలిసియున్న నమూనా పటము 1990ల నడుమ గాని వెలువడలేదు. ఫిల్ముల కాలము గతించి, లెక్కలతో బొమ్మ కట్టు యంత్రములు వచ్చిన పిదపను ఈ సమస్య ముగియలేదు. 2022లో గూగుల్ సంస్థ, సామాజిక శాస్త్రజ్ఞుడు ఎలిస్ మంక్ కూర్చిన పది ఛాయల కొలబద్దను వెల్లడించుటకు ఇదియే కారణము.

తెలుగు బడులకు ఈ కథ దూరమైనది కాదు. తెల్లచొక్కా తొడిగిన చామనచాయ పిల్లవాడు సున్నము కొట్టిన గోడముందు నిలుచున్నాడనుకొనుడు. కెమెరాలోని కొలత చట్రములోనున్న వెలుగునంతటిని సగటుచేసి, అది నడిమిరకపు బూడిదరంగు కావలెనని లెక్కగట్టును. గోడయును చొక్కాయును తెల్లనివగుటచే వెలుగు మితిమీరినదని పొరబడి తగ్గించును. గోడ బూడిదరంగుకు దిగును. పిల్లవాని ముఖము చీకటిలో మునుగును. దీనికి మందు సులభము. గోడ ముందునుండి పిల్లవానిని జరిపి, పచ్చని చెట్లకో, ముదురురంగు తలుపునకో ఎదురుగా నిలుపవలెను. కొలతను ముఖముపైననే తీసికొనవలెను. సెల్‌ఫోనులో ముఖముపై వ్రేలితో తాకినచో ఆ పని జరుగును. చొక్కా మడతలు చెదరిపోని మేరకు వెలుగును అరమెట్టో, ఒక మెట్టో పెంచవలెను.

ఇందులో ఒక హెచ్చరిక యిమిడియున్నది. ముఖము తేటగా కనిపించునట్లు వెలుగునిచ్చుట వేరు, ముఖమును తెల్లచేయుట వేరు. మన స్టూడియోలలో అద్దము, దువ్వెనతోపాటు పౌడరు డబ్బాయును ఉండెడిది. నెగెటివుపై సన్నని పెన్సిలుతో దిద్ది ఛాయను తేల్చు పనివారుండెడివారు. నేడు ఆ పనిని ఫోనులోని 'బ్యూటీ' మీట అడుగకయే చేయుచున్నది. చర్మమును నునుపు చేయును, రంగు తగ్గించును, పుట్టుమచ్చను చెరిపివేయును. సంచిక బృందము మొట్టమొదట ఆ మీటను ఆర్పివేయవలెను. పదునారేండ్ల బాలికకు తన బడి పుస్తకమునందే తన ముఖము దిద్దుబాటుతో అచ్చయినచో, అసలు ముఖము అచ్చునకు తగదని బడియే ఆమెకు చెప్పినట్లగును.

వరుసలు, రెప్పలు

గ్రూపు ఫొటో సులభమని తోచును గాని, బొమ్మలన్నిటిలో కష్టమైనదదియే. యాభైమందిని ఒకే క్షణమున బాగుగా చూపవలెను. పొడవువారిని వెనుకను, పొట్టివారిని ముందును ఉంచి, ఒక్కొక్కరి ముఖము ముందువారి తలల నడుమ సందులో పడునట్లు నిలుపవలెను. కెమెరా ముఖముల యెత్తునకు కొంచెము పైనుండుట మేలు. ఎపర్చరు సంఖ్య ఎనిమిది ప్రాంతమున నుంచి, ముందు వరుసపైగాక దాని వెనుక వరుసపై దృష్టి నిలిపినచో అందరును తేటగా వచ్చెదరు.

సెల్‌ఫోనుతో తీయువారు దగ్గర నిలిచి, అందరిని ఇరికించుటకై వెడల్పు కటకమును వాడుదురు. అప్పుడు అంచులనున్నవారి ముఖములు ప్రక్కకు సాగిపోవును. నడుమనున్న పంతులుగారు చక్కగానే యుందురు. చివర నిలుచున్న పిల్లవానికే అన్యాయము జరుగును. పది అడుగులు వెనుకకు నడచినచో ఆ దోషము పోవును.

రెప్పపాటు సంగతి వేరు. దీనిని ఆస్ట్రేలియా దేశపు శాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ అనువారు లెక్కగట్టి చూచిరి. ఇరువదిమందికి లోపైన గుంపు విషయమున, మంచి వెలుగులో మనుష్యుల సంఖ్యను మూడుచేతను, మందపు వెలుగులో రెండుచేతను భాగించిన యెడల వచ్చిన సంఖ్యకు సరిపడ బొమ్మలు తీయవలెననియు, అప్పుడు అందరును కన్నులు తెరచిన బొమ్మ ఒక్కటైనను దొరకుట ఇంచుమించు నిశ్చయమనియు తేల్చిరి. పదునెనిమిదిమందికి మంచి వెలుగులో ఆరు బొమ్మలన్నమాట. నవ్వించి ఆలోచింపజేయు పరిశోధనల కిచ్చు ఇగ్ నోబెల్ బహుమానము గణితశాఖలో 2006లో వీరికి లభించినది. గుంపు యాభైకి చేరినచో ఆ యాశ చాల సన్నగిల్లును. కనుక తరగతి పెద్దదైనచో మొత్తము బొమ్మతో తృప్తిపడక, వరుసవారీగా చిన్న గుంపులనుకూడ తీసియుంచుట తెలివి.

వరుసలలో స్థానము గూర్చియు ఆలోచింపవలెను. పంతులుగారి కుర్చీ ప్రక్క చోటు మొదటి మార్కులవారికి, అంచు మిగిలినవారికి అను పద్ధతి ఎవ్వరును వ్రాయని నియమమై బడులలో పాతుకొన్నది. ఎత్తునుబట్టి నిలిపినచో ఎవ్వరికిని ఖేదముండదు. బొమ్మనాడు రానివారి కొరకు అమెరికా పాఠశాలలు మరియొక దినము నిర్ణయించి, ఆనాడు విడిగా తీయుదురు. ఇది అనుసరింపదగిన ఆచారము; దీనికి ఖర్చు లేదు.

నిలువకుండ పట్టిన బొమ్మలు

సంచికకు ప్రాణము వరుసల వెలుపల ఉన్నది. ప్రయోగశాలలో ద్రవము రంగు మారుటను నోరు తెరచి చూచుచున్న బాలుడు, పరీక్షకు ముందు మెట్లపై ఒకరికొకరు అప్పగించుకొనుచున్న స్నేహితురాండ్రు, ఖోఖో ఆటలో దుమ్ము లేపుచు మలుపు తిరిగిన కాలు: ఇట్టివి చెప్పి చేయించిన పిమ్మట నిలువవు. వీనికి ఓర్పు కావలెను. ఏదైన సంఘటనను మూడు దూరములనుండి తీయు నలవాటు చేసికొనుట మంచిది: చోటంతయు కనిపించునట్లు ఒకటి, మనుష్యులు చేయు పని తెలియునట్లు ఒకటి, చేతినో ముఖమునో దగ్గరగా చూపునది ఒకటి. చిన్నపిల్లలను తీయునప్పుడు మోకాళ్లపై కూర్చుండి వారి కంటి యెత్తునకు దిగవలెను. ఫోనులోని జూమును లాగుటకంటె రెండడుగులు ముందుకు నడచుట మేలు.

వేదికపై బహుమతి పుచ్చుకొనువారి బొమ్మ ఎట్లును వచ్చును. తెర వెనుక తాళ్లు లాగినవారు, మధ్యాహ్న భోజనము వండి వడ్డించు అమ్మలు, గంట కొట్టు అటెండరు, గ్రంథాలయపు మూల రోజును ఒంటరిగా చదువుకొను విద్యార్థి: వీరి కొరకు ఫొటోగ్రాఫరు తానుగా వెదకికొని పోవలెను. బిడియస్థుడు కెమెరా కెదురుపడడు. వాని చెలిమి సంపాదించిన తరువాతనే వాని బొమ్మ దొరకును.

కెమెరా ఎవరి చేతిలో నున్నదనునదియు ముఖ్యమే. హైదరాబాదు ఆరవ నిజాము కొలువులో ప్రఖ్యాతి గాంచిన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) ఈ రహస్యమును ఎరిగినవాడు. పరదాలోనుండు స్త్రీలు పురుషుని కెమెరా ముందుకు రారని గ్రహించి, అతడు 1892లో హైదరాబాదునందు వారి కొరకు ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టెను. ఆచారముచేత బొమ్మకు దూరమైనవారిని నిందింపక, తన పద్ధతిని మార్చుకొనెను. సంచిక బృందములో బాలికలు, బాలురు, చిన్నతరగతులవారు, వసతిగృహమువారు అందరును ఉండవలెననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు. ఎవరి లోకములోనికి వారే సులభముగా ప్రవేశింపగలరు.

అయితే ప్రవేశమునకు అనుమతి యవసరము. ఏడ్చుచున్నవారిని, పడిపోయినవారిని, వలదని ముఖము త్రిప్పుకొన్నవారిని తీయరాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిది యేండ్లు నిండనివారిని బాలలుగా లెక్కించి, వారి సమాచారమును వాడుటకు తలిదండ్రుల సమ్మతి యుండవలెనని విధించినది. విద్యాసంవత్సరారంభముననే తలిదండ్రులనుండి వ్రాతమూలకముగా సమ్మతి పుచ్చుకొని, వలదన్నవారి పట్టికను బృందమంతయు ఎరిగియుండుట శ్రేయస్కరము. బడి పుస్తకమునకని తీసిన బొమ్మను అనుమతిలేక అంతర్జాలమున పెట్టుట నమ్మకద్రోహమే యగును.

పేరు, లెక్క, అచ్చు

బొమ్మ తీయుటతో సగము పనియే ముగియును. పేరులేని ముఖము కొన్నియేండ్లకు అనామకమగును. గ్రూపు ఫొటో తీసిన వెంటనే, వరుసలు చెదరకముందే, ఒకరు కాగితము పట్టుకొని ఎడమనుండి కుడికి పేర్లు వ్రాసికొనవలెను. పిదప హాజరుపట్టికతో అక్షరములు సరిచూడవలెను. ఇంటిపేరులో ఒక్క ఒత్తు మారినను ఆ పుటలోని మనిషి వేరొకరగును.

అమెరికా బృందములు పెక్కింటిలో మరియొక మంచి యలవాటున్నది. విద్యార్థుల పేర్లన్నియు ఒక పట్టికగా వ్రాసి, సంచికలో ఎవరెన్ని పుటలలో కనిపించుచున్నారో గుర్తులు పెట్టుచు పోవుదురు. ప్రతివారును కనీసము మూడు తావుల నుండవలెనని కొందరు నియమము పెట్టుకొందురు. మన బడులలో ఒక నోటుపుస్తకము చాలును. నెలకొకమారు దానిని తెరచినచో, గుర్తు ఒక్కటియు లేని పేర్లు వాటంతటవియే పలుకరించును; మరునాడు కెమెరా ఎటు తిరుగవలెనో తెలిసిపోవును.

అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు కావలెను. ఆరంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పుగల బొమ్మకు 1800 పెట్టగా 1200, అనగా దాదాపు 22 లక్షల చుక్కలు చాలును. నేటి సాధారణపు ఫోనుకు ఇది లెక్కలోనిది కాదు. కాని ఆ బొమ్మను వాట్సాప్‌లో మామూలుగా పంపినచో చిక్కి చిన్నదై చేరును. డాక్యుమెంటుగా పంపిననే యథాతథముగా నుండును. తీసిననాడే తేదీయు సందర్భమును పేరుగా పెట్టి, రెండు చోట్ల దాచుట మరువరాదు. తెరమీద మిలమిలలాడిన బొమ్మ కాగితముపై ముదురుగా పడును, ఏలయనగా సిరా కాగితములో ఇంకి చుక్కలు విచ్చుకొనును. అప్పుడు మొదట నష్టపడునది మరల నల్లని ముఖమే. అందుచేత ఒక నమూనా పుటను ముందుగా అచ్చువేయించి, నీడలలో కన్ను, పెదవి, చెక్కిలి విడివిడిగా తెలియుచున్నవో లేవో చూచి, అవసరమైనచో నీడలను కొంచెము తేలిక చేయవలెను.

ఇంత శ్రమపడి తయారుచేసిన పుస్తకము కొనగలవారికి మాత్రమే చేరినచో ఫలమేమి? వెలలో కొంత భాగమును దాతలో, పూర్వవిద్యార్థులో భరించునట్లు చూచి, ప్రతి విద్యార్థికిని ఒక ప్రతి అందజేయుట పాఠశాల పెద్దల విధి. ఒక ప్రతి గ్రంథాలయములో శాశ్వతముగా నుండవలెను.

ఈ విద్య నేర్చినవారందరును ఫొటోగ్రాఫర్లు కారు, కానక్కరలేదు. ఒక యేడాదిపాటు తోడివారి ముఖములను వెలుగులో పెట్టి చూచిన పిల్లవానికి, గుంపులో ఎవరు అంచునకు జరిగిపోవుచున్నారో, ఎవరిపై నీడ పడుచున్నదో కనిపెట్టు చూపు అలవడును. అది కెమెరా దించిన తరువాతను పనిచేయును. రేపు వాడు గుమాస్తాయైనను, ఉపాధ్యాయుడైనను, వైద్యుడైనను, తన యెదుట నిలుచున్న వరుసను చూచునప్పుడు చివరివానివరకు చూడగలుగును.